ఆగస్టులో సీషెల్సా, మాల్దీవులా? పన్నెండు మంది డైవింగ్ బోటు చార్టర్: ఒక కేస్ స్టడీ

ఒక కుటుంబం, వాళ్ల స్నేహితులు కలిపి పన్నెండు మంది. ఆగస్టు రెండో వారంలో ఏడు రాత్రులు. బోటు మొత్తం వాళ్లదే కావాలి, బయటివాళ్లు ఉండకూడదు. డైవింగ్ తప్పనిసరి. నా దగ్గరికి వచ్చేసరికే గమ్యం ఇంచుమించు ఖాయమైపోయింది: సీషెల్స్, అది కూడా పక్కపక్కనే రెండు పొట్టలుండే తెరచాపల కాటమరాన్‌లో. "మాల్దీవులు కూడా ఒకసారి చూసి చెప్పండి, కానీ మా మనసు సీషెల్స్ మీదే ఉంది" అన్నారు ట్రిప్పు నడిపిస్తున్న పెద్దమనిషి. ఆయనకు సెయిలింగ్ లైసెన్సు ఉంది. సొంతంగా చుక్కాని పట్టుకుని దీవి నుంచి దీవికి వెళ్లాలన్నది ఆయన చాలాకాలపు కోరిక.

డైవింగ్ గుంపులకు బోట్లు కుదర్చడం నా పని. అవసరమైతే ఇన్‌స్ట్రక్టర్‌గా వెంట వెళ్తాను కూడా. ఈ పనిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ట్రిప్పు నడిపించేవాళ్లతో మాట్లాడాక, వచ్చే ప్రతి ఒక్కరితోనూ విడిగా ఫోన్లో మాట్లాడతాను. మొదటి ఫోన్లో వినిపించేది ఒకరి కోరికే. మిగతావాళ్లు ఏం చేయగలరు, దేనికి భయపడుతున్నారు అన్నది వాళ్ల నోటి నుంచి వింటే తప్ప తెలియదు.

ఇక్కడ ఫోన్లన్నీ అయ్యాక తేలిన లెక్క ఇది. నలుగురు బాగా అనుభవం ఉన్న డైవర్లు, పై స్థాయి కోర్సుకు ఇచ్చే అడ్వాన్స్‌డ్ కార్డు ఉన్నవాళ్లు. ముగ్గురు కొత్తగా ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు పూర్తి చేశారు, అంటే 18 మీటర్లు దాటి దిగకూడదు. మిగిలిన ఐదుగురు డైవ్ చేయరు: పెద్దమనిషి అమ్మగారు, పిన్నిగారు, సైనస్ సర్జరీ అయిన ఒకాయన, డైవింగ్ మీద ఆసక్తి లేని ఇంకొకావిడ, ఒక పదేళ్ల పాప. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పిన్నిగారికి బస్సెక్కినా వాంతులే. "నన్ను ఆ పడవలో ఒక మూల కూర్చోబెడితే చాలు బాబూ, నా వల్ల ఎవరికీ ఇబ్బంది రాకూడదు" అన్నారు ఆవిడ. ఈ మాట వినగానే నాకు కాటమరాన్ మీద అనుమానం మొదలైంది.

సీషెల్స్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. అక్కడ 115 దీవులు. మాహే, ప్రాలిన్, లా డీగ్ లాంటి లోపలి దీవులు గ్రానైట్ కొండలు. నీళ్ల కింద కూడా అవే బండరాళ్లు, వాటి మధ్య సందులు, సొరంగాల్లాంటి దారులు. మాహే ఉత్తరాన ఎన్నర్‌డేల్ అనే బ్రిటిష్ చమురు ట్యాంకర్ నౌక శిథిలం ఉంది. 1970లో సముద్రంలోని గ్రానైట్ బండను గుద్దుకుని మునిగిపోయింది. మన నలుగురూ దాని పేరు పదే పదే చెప్పారు. డైవ్ చేయనివాళ్లకు కూడా సీషెల్స్‌లో కావలసినంత కాలక్షేపం: ప్రాలిన్‌లో వాలే ద మే అడవి, అందులో జంట కొబ్బరికాయలు కాసే కోకో డి మేర్ చెట్లు, కూరియూజ్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే పెద్ద తాబేళ్లు. ఒడ్డు మీద నడిచి చూడగలిగినవి అంటే మాల్దీవులకన్నా సీషెల్స్ ఎన్నో రెట్లు మేలు. ఇదే ఏప్రిల్ చివరో, అక్టోబరు చివరో అయి ఉంటే నేనూ ఆ పెద్దమనిషి మాటకే ఓటు వేసేవాడిని.

కానీ తేదీ ఆగస్టు. మే నుంచి సెప్టెంబరు దాకా సీషెల్స్ మీద ఆగ్నేయ పవనాలు వీస్తాయి, జులై ఆగస్టుల్లో బలంగా. ఆకాశం తేటగానే ఉంటుంది, ఎండ కూడా కాస్తుంది, ఫొటోల్లో చూస్తే ఏ లోపమూ కనిపించదు. సముద్రం మాత్రం లేచి ఉంటుంది. మాహే నుంచి ప్రాలిన్‌కు సుమారు 45 కిలోమీటర్లు, దారి ఈశాన్యానికి. గాలి ఆగ్నేయం నుంచి. అంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అలలు పడవ పక్క నుంచే తగులుతాయి. సెయిలింగ్ తెలిసినవాళ్లకు అది పండగే, తెరచాప నిండుగా ఉబ్బి పడవ దూసుకుపోతుంది. బస్సెక్కితే వాంతులయ్యే పిన్నిగారికి ఆ నాలుగైదు గంటలు నరకం. గ్రానైట్ దీవుల చుట్టూ అలల్ని ఆపే పగడపు గోడ లేదు. దీవికి గాలి తగలని వైపు, అంటే వాయవ్యాన ఉన్న తీరాల్లోనే నిశ్చింతగా లంగరు వేయగలం. మాహేలో బో వాలోన్, ప్రాలిన్‌లో ఆన్స్ లాజియో అలాంటివి. మన నలుగురూ అడుగుతున్న ఎన్నర్‌డేల్ తీరానికి దూరంగా, గాలికి ఎదురుగా ఉంటుంది. ఆగస్టులో ఆ డైవ్ కుదిరితే అదృష్టం, అంతే.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఈ సీజన్లో అక్కడ నీళ్లు చల్లబడతాయి, 25 డిగ్రీల దగ్గరికి వస్తాయి. నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, పెరిగి విజిబిలిటీ (నీళ్లలో కనిపించే దూరం) తగ్గుతుంది. ఆ ప్లాంక్టన్ కోసమే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వేల్ షార్క్‌లు వస్తుంటాయి. పెద్దమనిషి ఆశ అదే. వేల్ షార్క్ కనిపించవచ్చు అన్న ఒక్క ఆశ మీద పన్నెండు మంది వారం రోజులు పెట్టకూడదని నా అభిప్రాయం, అదే ఆయనతో చెప్పాను.

ఇంకో చిక్కు బోటుదే. సీషెల్స్‌లో అద్దెకు దొరికే కాటమరాన్లు ప్రధానంగా సెయిలింగ్ కోసం. వాటిలో చాలావాటికి ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసర్ ఉండదు. డైవింగ్ కావాలంటే ఒడ్డున ఉన్న డైవ్ సెంటర్‌తో ముందే మాట్లాడుకుని, వాళ్ల బోటు వచ్చి ఎక్కించుకునే ఏర్పాటు చేసుకోవాలి. అలా రోజుకు ఒకటి రెండు డైవ్‌లు సాగుతాయి. డైవింగే ముఖ్యమనే గుంపుకు అది చాలదు. పైగా పన్నెండు మంది ఒకే కాటమరాన్‌లో ఇరుకు, రెండు తీసుకుంటే కుటుంబం రెండు ముక్కలు. ఖర్చు లెక్క కూడా అక్కడ వేరుగా ఉంటుంది. సిబ్బందితో తీసుకునే పడవకు అద్దె ఒకటి, దాని మీద ఇంధనం, తిండి, రేవు రుసుముల కోసం ముందుగా కట్టే మొత్తం మరొకటి. ఇది సాధారణంగా అద్దెలో పాతిక నుంచి ముప్ఫై అయిదు శాతం దాకా ఉంటుంది. డైవ్‌లకు మళ్లీ విడిగా. మాల్దీవుల్లో అందులోనే బస చేసి డైవ్ చేసే సఫారీ బోట్లలో తలకు ఇంత అని ఒకే ధర, అందులో భోజనం, డైవ్‌లు, ట్యాంకులు, బరువులు అన్నీ కలిసే ఉంటాయి. దాని మీద పన్నులు, రక్షిత ప్రాంతాల రుసుములు, టిప్పులు. పర్యాటకుల మీద వేసే గ్రీన్ టాక్సే 2025 జనవరి నుంచి తలకు రోజుకు 12 డాలర్లు.

ఇక మాల్దీవులు. ఆగస్టు అంటే అక్కడ నైరుతి ఋతుపవనాల కాలం. వానలు, గాలి, మబ్బు. సీజన్ కాదు అని చాలామంది కొట్టిపారేసే నెల. కానీ ఈ దేశం భూమి తీరే వేరు. 26 అటాళ్లు, అంటే పగడపు దీవుల వలయాలు. వలయం అంచున ఉన్న దిబ్బ బయటి సముద్రపు అలల్ని చాలావరకు విరిచేస్తుంది. లోపలి మడుగులో బోటు లంగరు వేస్తే వాన పడుతున్నా పడవ పెద్దగా ఊగదు. అలల బాధంతా ఒక అటాల్ నుంచి ఇంకో అటాల్‌కు దాటేటప్పుడే. కాబట్టి వారమంతా ఒకే అటాల్‌లో గడిపితే పిన్నిగారి సమస్య చాలావరకు తీరుతుంది.

ఆ అటాల్ బా అని నేను తేల్చుకోవడానికి కారణం హనీఫారు. బా అటాల్ తూర్పు అంచున ఉన్న చిన్న అఖాతం అది. ఆ అటాల్‌ను 2011లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించింది. నైరుతి కాలంలో ప్రవాహం పడమర నుంచి తూర్పుకు సాగుతుంది, ప్లాంక్టన్ తూర్పు వైపు పోగవుతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు బలంగా ఉన్నప్పుడు ఆ ప్లాంక్టన్ దిబ్బ మీదుగా అఖాతంలోకి వచ్చి బయటికి పోలేక చిక్కుకుంటుంది. దాన్ని తినడానికి రెక్కలు చాచినట్టుండే పెద్ద చదునైన చేపలు, మాంటా రేలు, వస్తాయి, కొన్ని రోజుల్లో పదుల సంఖ్యలో. మే నుంచి నవంబరు దాకా ఈ సందడి ఉంటుంది. మన గుంపు తేదీలు పౌర్ణమి చుట్టూ పడ్డాయి.

ఈ కేసును తేల్చిన సంగతి ఇప్పుడు చెప్తాను. హనీఫారులో స్కూబా నిషేధం. ట్యాంకుతో దిగడానికి వీల్లేదు, స్నార్కెలింగ్ మాత్రమే, అంటే నీటి మీదే తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ చూడటం, అది కూడా అనుమతి ఉన్న గైడుతో. లోపల ఉండే సమయానికి, ఒకేసారి దిగే మనుషులకు, పడవలకు పరిమితులు ఉన్నాయి, రేంజర్లు కాపలా కాస్తారు. చాలామంది డైవర్లు దీన్ని లోటుగా చూస్తారు. నాకు మాత్రం ఈ గుంపుకు ఇంతకన్నా అనువైన నియమం లేదనిపించింది. ఏళ్ల తరబడి డైవ్ చేస్తున్నవాళ్లు, నిన్న కార్డు తెచ్చుకున్నవాళ్లు, పదేళ్ల పాప, లైఫ్ జాకెట్ వేసుకున్న అమ్మగారు, అందరూ ఒకే నీటి మట్టం మీద తేలుతూ ఒకే దృశ్యం చూస్తారు. సీషెల్స్‌లో ఏడుగురు డైవ్‌కు పోతే ఐదుగురు పడవలో ఎదురుచూడాలి. ఇక్కడ ట్రిప్పు మొత్తంలో అతి గొప్ప గంట అందరిదీ అవుతుంది.

ఇదే మాట ఆ పెద్దమనిషికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాల్దీవుల సఫారీ బోట్లు మోటారు బోట్లు. తెరచాప లేదు, చుక్కాని ఆయన చేతికి రాదు. ఆయన పోగొట్టుకునేది నిజంగా పెద్దదే, దాన్ని నేను తేలిక చేయలేదు. రెండు దారులు ముందుంచాను: తేదీలు అక్టోబరు చివరికి మార్చుకుంటే సీషెల్స్, ఆగస్టే అయితే బా. పిల్ల బడి, మిగతావాళ్ల సెలవులు చూస్తే అక్టోబరు కుదరలేదు. రెండు రోజుల తర్వాత "అమ్మ కూడా చూడగలిగేదే చూద్దాం" అన్నారు.

గమ్యం ఖాయమయ్యాక అసలు పని మొదలైంది. రాజధాని మాలే నుంచి బా వెళ్లాలంటే బోటు కర్దీవా చానల్ అనే సముద్రపు పాయ దాటాలి. నైరుతి కాలంలో అక్కడ అలలు గట్టిగా ఉంటాయి. అందుకని బోటును ఖాళీగా ముందే పంపించి, గుంపును మాలే నుంచి బా అటాల్‌లోని ధరవందూకు దేశీయ విమానంలో తీసుకెళ్లాం. ప్రయాణం సుమారు 20 నిమిషాలు. బోటు ఖాళీగా పోయి వచ్చే ఇంధనానికి యజమాని అదనంగా అడిగాడు, టిక్కెట్ల ఖర్చూ పడింది. పెద్దవాళ్లు వస్తున్న ట్రిప్పులో ఈ డబ్బు దగ్గర పిసినారితనం చేయకూడదు.

బోటు ఎంపికలో నేను చూసేవి బ్రోషర్‌లో ఉండవు. మాల్దీవుల సఫారీలో పెద్ద బోటు వెంట ధోనీ అనే చిన్న బోటు ఉంటుంది. కంప్రెసర్, ట్యాంకులు, డైవింగ్ సామాను అంతా దాని మీదే. పడుకునే చోట ఆ రొద, పొగ ఉండవు, ఇది పెద్ద సౌకర్యం. కానీ ప్రతిసారీ పెద్ద బోటు నుంచి ధోనీలోకి అడుగు వేయాలి. రెండు పడవలూ వేర్వేరుగా లేచి దిగుతుంటాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ ఒక్క అడుగు దగ్గరే పడిపోతారు. అందుకని పరిశీలనలో ఉన్న రెండు సఫారీ బోట్ల యజమానులను ఆ అడుగు ఎక్కడ, ఎంత ఎత్తు, పట్టుకోవడానికి ఏముంది అన్నది వీడియో తీసి పంపమన్నాను. ఒకరి వీడియోలో చేతికి అందే కడ్డీ లేదు. రెండో బోటులో వెనక వెడల్పాటి మెట్టు, రెండు వైపులా కడ్డీలు ఉన్నాయి. గదులు కాస్త పాతవైనా దాన్నే తీసుకున్నాం. అమ్మగారికీ పిన్నిగారికీ మెయిన్ డెక్ మీద, బోటు మధ్యలో పడే గది ఇచ్చాం. ఊగడం అక్కడ తక్కువ.

ఇంకో విషయంలో నేను రాజీ పడను. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు రాత్రివేళ తగలబడి 34 మంది చనిపోయారు. రాత్రి బోటంతా తిరిగి చూసే కాపలా మనిషి లేడని విచారణలో తేలింది. అప్పటి నుంచి కింది డెక్ నుంచి బయటపడే రెండో దారి ఫొటో, రాత్రి కాపలా ఎవరిదన్నది కాగితం మీద, లిథియం బ్యాటరీలు ఎక్కడ చార్జ్ చేస్తారన్న వివరం, ఆక్సిజన్ కిట్ తేదీ లేకుండా డిపాజిట్ కట్టనివ్వను. గుంపులో ఎవరి కెమెరా బ్యాటరీ అయినా గదిలో చార్జ్ చేయకూడదని ముందే అందరికీ చెప్పాం.

రోజుల అమరికలో ఒక మెలిక ఉంది. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేంత వ్యవధి ఉండాలి. రోజుల తరబడి వరుసగా డైవ్ చేసినవాళ్లకు డైవింగ్ భద్రత సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పేది కనీసం 18 గంటలు, నేను 24 పెడతాను. ధరవందూ నుంచి మాలేకు ఎగిరే చిన్న విమానం కూడా విమానమే, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. దీంతో చివరి రోజు డైవింగ్ పోతుంది. ఆ రోజును హనీఫారుకు కేటాయించాం, స్నార్కెలింగ్‌తో నైట్రోజన్ బాధ లేదు కదా. ఒక్క రోజు మీదే ఆధారపడకుండా రెండో రోజు కూడా ఒకసారి వెళ్లేలా పెట్టాం. అనుమతులు, పోటు వేళలు గైడు ముందే చూసి ఉంచాడు.

ముగ్గురు కొత్త డైవర్లకు తోడుగా నేనూ వెళ్లాను. మొదటి రోజంతా వాన. అందరి నైపుణ్యం చూసే మొదటి చెక్ డైవ్‌లో ఒకమ్మాయి చేతులతో ఈదుతూ పైకీ కిందకీ పోతోంది, పది నిమిషాల్లో సగం గాలి ఖర్చు. బెల్టు చూస్తే ఎనిమిది కిలోల బరువులు. మూడు మిల్లీమీటర్ల సూట్‌కు ఆ అమ్మాయికి అంత అక్కర్లేదు. రెండు కిలోలు తీసేసి, చేతులు కట్టుకుని ఊపిరితోనే లేచి దిగమన్నాను. మర్నాటికి కుదుటపడింది. వాళ్లను 18 మీటర్లు దాటనివ్వలేదు, ప్రవాహం గట్టిగా ఉన్న చానళ్ల వైపు తీసుకెళ్లలేదు. అనుభవం ఉన్నవాళ్లు వేరే గైడుతో వెళ్లారు. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు 30 మీటర్లే హద్దు, పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన డీకంప్రెషన్ డైవ్‌లకు అనుమతి లేదు.

రెండో రోజు హనీఫారు నిరాశపరిచింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి, రెండు మాంటాలు అలా వచ్చి అలా పోయాయి. పెద్దమనిషి ముఖం చూస్తే టెన్షన్ తెలుస్తోంది. ఆ తర్వాతి రోజుల్లో నీళ్ల కింది దిబ్బ అయిన ధరవందూ తిలా దగ్గర డైవర్లకు మాంటాలు బాగానే కనిపించాయి. రాళ్ల మీద చిన్న చేపలు ఒళ్లు శుభ్రం చేస్తుంటే అవి గాల్లో నిలబడ్డట్టు ఒకే చోట ఉండిపోయేవి. కానీ విజిబిలిటీ పది పదిహేను మీటర్లే. నలుగురిలో ఇద్దరు షార్క్‌లు తక్కువని, నీళ్లు మసగ్గా ఉన్నాయని నేరుగానే చెప్పారు. అది న్యాయమైన ఫిర్యాదే. ఆ కాలంలో తేట నీళ్లు, షార్క్‌లు కావాలంటే అటాల్ పడమటి అంచుకు పోవాలి, అలలన్నీ అటే. పక్కనున్న రా అటాల్‌కు దాటుదామని ఒక రోజు అనుకున్నాం, గాలి చూసి కెప్టెన్ వద్దన్నాడు. చార్టర్ కాగితంలో వాతావరణం విషయంలో కెప్టెన్ మాటే తుది అని మొదటే రాయించాను కాబట్టి వాదన రాలేదు.

చివరి రోజు పోటు మొదలయ్యే వేళకు ధోనీ అఖాతం అంచున ఉంది. అమ్మగారు మెట్టు మీద కూర్చుని "దాని తోకతో కొడుతుందా?" అని అడిగారు. మాంటా తోకలో ముల్లు ఉండదని చెప్పాను. గైడు ముందు ఒక లైఫ్‌బాయ్ రింగ్ పట్టుకున్నాడు, ఆవిడ రెండు చేతులతో దాన్ని పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టారు. మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి, జుట్టు ఒక పాయ ఇరుక్కుంది. అది తీసి మళ్లీ పెట్టాం. అప్పటికి ఒక మాంటా ఎదురుగా వస్తోంది. తల దగ్గరి రెండు రెక్కలూ విప్పి, నోరు తెరిచి, లోపలి తెల్లటి పొరలన్నీ కనిపిస్తుండగా మాకు ఒక బారెడు దూరంలో కిందికి వంగి పోయింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. పిల్ల స్నార్కెల్‌లోంచే కేకలు పెట్టింది. పిన్నిగారు దిగలేదు, ధోనీ అంచు నుంచే చూశారు. నీళ్ల పైకి తేలే రెక్క కొసలు అక్కడి నుంచి కూడా కనిపిస్తాయి. వారం మొత్తంలో ఆవిడకు ఒక్క పూటే కడుపులో తిప్పింది.

ట్రిప్పు అయ్యాక అందరితో మళ్లీ విడివిడిగా మాట్లాడాను. డైవ్ చేయని ఐదుగురూ, కొత్త డైవర్లు ముగ్గురూ తృప్తిగా ఉన్నారు. షార్క్‌లు అడిగిన ఇద్దరికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో దక్షిణ అటాళ్ల చానళ్లు సూచించాను. అది అనుభవం ఉన్నవాళ్లే వెళ్లాల్సిన దారి, కుటుంబ ట్రిప్పు కాదు.

పెద్దమనిషి మాత్రం చుక్కాని సంగతి మర్చిపోలేదు. ఇప్పుడు ఆయనకు సీషెల్స్ ప్లాన్ వేస్తున్నాను. అక్టోబరు చివర్లో, ఆగ్నేయ గాలి తగ్గిపోయాక. కాటమరాన్‌కు స్థానిక స్కిప్పర్ ఉంటాడు, కానీ దారిలో చుక్కాని ఆయనదే. బో వాలోన్ నుంచి డైవ్ సెంటర్ బోటులో రెండు ఉదయాలు పెట్టాను, సముద్రం ఒప్పుకుంటే అందులో ఒకటి ఎన్నర్‌డేల్. ఈసారి ముందుగా అమ్మగారితోనే మాట్లాడాను. ఆవిడకూ పిన్నిగారికీ ప్రాలిన్‌లో ఒడ్డునే గది తీసుకుంటున్నాం. కూరియూజ్ తాబేళ్ల దగ్గరికి మాత్రం పడవలో వస్తామన్నారు, ఆ దాటే దూరం తక్కువే కాబట్టి.